ఎనభై మూడు శాతం బాగున్న బ్యాటరీ

కోదండానికి కోపం తక్కువ, విసుగు ఎక్కువ. ఈ మాట ఆయన భార్య సింహాచలమ్మే చెబుతుంది. కోపమొస్తే నాలుగు అరుపులు అరిచి అన్నానికి కూర్చుంటాడు. విసుగొస్తే మాత్రం మాటామంతీ ఉండదు. చేతిలోకి స్పానర్ తీసుకుని, బాగున్న కుళాయిని విప్పి మళ్ళీ బిగిస్తాడు. పోయిన వేసవిలో వాళ్ళింటి కుళాయిలు ఎన్నిసార్లు విప్పాడో ఆవిడకే గుర్తులేదు. అదంతా కారు చలవే.

హౌరాలో టికియాపారా రైల్వే యార్డు వెనక, ఇనుము చెక్కే లేతు మిషన్లు పగలంతా గర్రుమంటూ ఉండే సందులో వాళ్ళ ఇల్లు. కోదండం తండ్రి టెక్కలి వైపు నుంచి వచ్చి మున్సిపాలిటీలో మురిక్కాలవల పనికి కుదిరాడు. కోదండం ఇక్కడే పుట్టాడు. హిందీ బడిలో చదివాడు. ఇరవై రెండో ఏట రైల్వేలో ఖలాసీగా, అంటే సాయం మనిషిగా చేరి, తర్వాత ట్రైన్ లైటింగ్ ఫిట్టర్ అయ్యాడు. రైలు పెట్టెలో దీపం వెలగాలన్నా పంకా తిరగాలన్నా పెట్టె అడుగున వేలాడే బ్యాటరీలు బాగుండాలి. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆయన పని అదే. ఆగిన రైలు కిందకి దూరడం, టార్చి పళ్ళ మధ్య పట్టుకోవడం, ఒక్కొక్క సెల్లుకూ మీటరు ముళ్ళు ఆనించి చూడడం. ఆ పెట్టెల్లో పడుకుని పూరీకీ మద్రాసుకూ పోయినవాళ్ళెవరికీ ఆయన మొహం తెలియదు. పంకా ఆగిపోతే తిట్టుకునేది మాత్రం ఆయన్నే.

రెండువేల ఇరవై ఒకటిలో రిటైరయ్యాడు. నెల తిరక్కుండానే ఇంట్లో ఊరికే కూర్చోలేక, పీఎఫ్ సొమ్ములో సగం పెట్టి కొత్త ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. సింహాచలమ్మ వద్దంది.

"పెట్రోలుదో డీజిలుదో అయితే రోడ్డు మీద ఎవుడో ఒకడు బాగుసేత్తాడు. దీన్ని ఎవుడు సూత్తాడయ్యా?"

"నాను సూత్తాను. బ్యాటరీ బండంటే నాకు కొత్తేటి?" అన్నాడు ఆయన.

సందు మొదట్లో లేతు షెడ్డు యజమాని పాత స్నేహితుడు. షెడ్డు పక్క ఖాళీ స్థలంలో కారు పెట్టుకోనిచ్చాడు. వేరే మీటరు పెట్టించుకుని కోదండం రాత్రంతా చార్జింగ్ పెట్టేవాడు. శిబ్‌పూర్ అపార్టుమెంట్లలో అద్దెకుండే ఐటీ వాళ్ళను సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో దింపడం, సాయంత్రం తేవడం. రోజుకు మూడు ట్రిప్పులు, నూట పది కిలోమీటర్లకు అటూ ఇటూ. నిండా చార్జి చేస్తే మూడువందల పైచిలుకు వస్తాయని కంపెనీ చెప్పింది గాని, కలకత్తా ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిజంగా వచ్చేది రెండువందల పది. కోదండం దానికేమీ అనుకోలేదు. రైల్వేలో కూడా కాగితం మీది అంకె వేరు, పట్టాల మీది అంకె వేరు. నూటపది నడిపి ఇంటికొస్తే ఇంకా దాదాపు సగం చార్జి మిగిలేది. అది చాలు ఆయనకు.

రెండేళ్ళు హాయిగా గడిచాయి. మూడో ఏడు ఆ సగం కాస్తా మూడో వంతుకు దిగింది. నాలుగో ఏడు వచ్చేసరికి మూడో ట్రిప్పు మొదలుపెట్టాలంటేనే భయం పట్టుకుంది. మధ్యాహ్నం సెక్టర్ ఫైవ్‌లో చార్జింగ్ స్టేషన్‌కి పోయి వరసలో నిలబడాల్సి వచ్చేది. అక్కడ మిషన్లు రెండు. ఒకటి ఎప్పుడు చూసినా పాడై ఉంటుంది. రెండోదానికి ఎవరో కారు తగిలించి బిర్యానీ తినడానికి పోయి ఉంటారు. ఎండలో ఆ కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, అద్దంలోంచి తొంగిచూసి, ఏమీ చేయలేక కోదండం తన కార్లో కూర్చునేవాడు. ఆ కూర్చోవడమే ఆయనకు పడేది కాదు. రైల్వేలో కూడా ఖాళీగా కూర్చున్న మనిషి కాదు.

ఇక చార్జి ఆదా చేయడానికి ఆయన నానా తంటాలూ పడ్డాడు. నలభై దాటి నడపడం మానేశాడు. పాట పెట్టడం మానేశాడు. చివరికి వంతెన ఎక్కేటప్పుడు ఏసీ కూడా కట్టేసేవాడు.

"అంకుల్, ఏసీ బంద్ చేసిన్రా?" అని వెనక సీట్లోంచి పూజిత అడిగేది. కరీంనగర్ పిల్ల, ఉద్యోగానికొచ్చి ఏడాదిన్నర. నాలుగు సీట్లలో ఒకటి ఆమెది. కోదండం తెలుగువాడని తెలిసి మిగతా ముగ్గురినీ ఈ బండికి కుదిర్చింది కూడా ఆమే.

"వంతెన దిగగానే ఏసేత్తానమ్మా."

"రోజూ వంతెన దిగగానే అంటరు. దిగినంక సిగ్నల్ దాటగానే అంటరు. ఆఫీసుకు పోయేసరికి స్నానం చేసినట్టే ఉంటున్నది నాకు."

ఆయనకు తల కొట్టేసినట్టయ్యేది. జీవితంలో ఎన్నడూ ఒకరి చేత పని విషయంలో మాట పడలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి వంటింటి కుళాయి విప్పేవాడు.

సర్వీస్ సెంటర్ బైపాస్ రోడ్డు పక్కన ఉంది. మొదటిసారి ఫిబ్రవరిలో పోయాడు. ఆశిష్ అనే ఇంజనీరు కుర్రాడు లాప్‌టాప్ తెచ్చి, స్టీరింగ్ కింద వైరు తగిలించి, పదినిమిషాల్లో ఒక కాగితం ప్రింటు తీసిచ్చాడు. అందులో బ్యాటరీ ఆరోగ్యం అని రాసి ఎదురుగా ఎనభై మూడు శాతం అని ఉంది.

"నాలుగేళ్ళకు ఇది చాలా మంచి అంకె కాకూ" అన్నాడు ఆశిష్ బెంగాలీలో, బాబాయి వరస కలిపి. కోదండానికి బెంగాలీ తెలుగంత ధాటిగా వచ్చు.

"ఎనభై మూడయితే నాకు నూటడెబ్బై కిలోమీటర్లు రావాలి కదా బాబూ. నూటపది దాటడం లేదే?"

ఆశిష్ మేనేజరు వైపు చూశాడు. మేనేజరు పేరు సునీల్‌కుమార్. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, మెడలో కార్డు. "నడిపే పద్ధతిని బట్టి ఉంటుంది సార్. బ్రేకు ఎక్కువ వేస్తున్నారేమో" అన్నాడు.

కలకత్తాలో బ్రేకు వేయకుండా కారు నడిపే మనిషి ఎవడో చూపించమని అడుగుదామనుకుని కోదండం ఊరుకున్నాడు. సాఫ్ట్‌వేర్ ఏదో కొత్తది వేసి పంపారు. మార్చిలో మళ్ళీ పోయాడు. మళ్ళీ పది నిమిషాలు, మళ్ళీ కాగితం, మళ్ళీ ఎనభై మూడు. ఈసారి టైర్లలో గాలి తక్కువుందన్నారు. వారంటీ ఎనిమిదేళ్ళు కదా అని ఆయన అడిగితే, ఆరోగ్యం డెబ్బై శాతం కన్నా దిగితేనే బ్యాటరీ మారుస్తారని సునీల్‌కుమార్ పుస్తకం తెరిచి చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు.

"మీ మిషన్ డెబ్బై అని ఎప్పుడు చెప్తుంది?" అన్నాడు కోదండం.

"డెబ్బై అయినప్పుడు చెబుతుంది సార్."

"డెబ్బై అయిందో లేదో మీ మిషన్‌కి ఎలా తెలుస్తుంది? బండి నడిపి చూసిందా?"

సునీల్‌కుమార్ నవ్వి టీ తెప్పించాడు. ఆ టీ కోదండం తాగలేదు.

మే నెలలో జరిగింది అసలు సంగతి. ఆవేళ మూడో ట్రిప్పు. పూజితకు మధ్యాహ్నం మూడింటికి కొత్త ప్రాజెక్టు ఇంటర్వ్యూ ఉంది. ముందురోజే చెప్పింది, ఏసీ వేయమని కూడా చెప్పింది. కోదండం మాట మన్నించి ఏసీ వేశాడు. పార్క్ సర్కస్ మీదుగా బైపాస్ దాకా పోయే పొడవాటి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెర మీద చార్జి ఇరవై ఒకటి చూపిస్తోంది. ఇంకో ఎనిమిది కిలోమీటర్లు. సరిపోతుంది. ఫ్లైఓవర్ మధ్యలోకి రాగానే తెర మీద పసుపుపచ్చ తాబేలు బొమ్మ వెలిగింది. యాక్సిలరేటర్ మీద కాలు నొక్కినా బండి పరుగెత్తలేదు. ఇరవై ఒకటి, పందొమ్మిది అయింది. ఇంకో నాలుగు నిమిషాలకు, పదిహేడు దగ్గర, బండి నీరసంగా గోడ పక్కకు జరిగి ఆగిపోయింది.

వెనక హారన్లు మొదలయ్యాయి. కింద ఇనుము కాలినట్టు కాలుతున్న రోడ్డు. నీడన్నది లేదు.

"ఏమైంది అంకుల్?" అంది పూజిత.

"సార్జి ఉందమ్మా. పదిహేడు ఉంది, సూడు. ఉండీ ఆగిపోనాది."

"ఉంటె ఎట్ల ఆగుతది?"

కోదండం దిగి, వెనకొచ్చే బండ్లకు పక్కనుంచి పొమ్మని చెయ్యి ఊపాడు. తెల్ల యూనిఫాం ట్రాఫిక్ సార్జెంట్ మోటారు సైకిలు మీద వచ్చి, కోదండాన్ని తిట్టాల్సిన నాలుగూ తిట్టి, పూజిత కళ్ళనీళ్ళు చూసి, ఆమెను తన బండి వెనకెక్కించుకుని ఫ్లైఓవర్ చివర దింపాడు. మిగిలిన ముగ్గురూ గోడ పక్కన నడుచుకుంటూ పోయారు. కోదండం నలభై నిమిషాలు టోయింగ్ లారీ కోసం నిలబడ్డాడు. దారిన పోయే కార్లలోంచి తలలు బయటికి వచ్చి చూసేవి. ఒకడు ఫోనుతో వీడియో తీశాడు.

పూజిత అరగంట ఆలస్యంగా చేరింది. ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేశారు. మర్నాడు ఆమే ఫోన్ చేసింది.

"అంకుల్, మీరు మంచోళ్ళే. నాకు తెలుసు. గని మేము వేరే బండి చూసుకుంటం. ఏమనుకోకుండ్రి."

"ఏటనుకుంటానమ్మా. నాది తప్పు" అన్నాడు. ఫోను పెట్టేశాక, తప్పు తనదెందుకైందో ఆయనకు అర్థం కాలేదు. బ్రేకు తక్కువే వేశాడు. గాలి సరిగ్గా కొట్టించాడు. రైలు కింద దూరిన రోజుల్లో ఒక్క పెట్టె కూడా తన చేతి మీదుగా చీకటిగా పోలేదు. ఆ రోజు వంటింటి కుళాయితోపాటు స్నానాల గది కుళాయి కూడా విప్పాడు.

"ఆ కుళాయి ఏటి సేసింది నిన్ను? బండిని విప్పలేక దాన్ని విప్పుతున్నావా?" అంది సింహాచలమ్మ.

"బండిని విప్పనివ్వరే. సీలు ఏసేసినారు. ఇప్పితే వారంటీ పోతాది."

"మరైతే ఆళ్ళ సేతే ఇప్పించు. నీకు తెలిసింది ఆళ్ళకి తెలీదేటి?"

ఆయన స్పానర్ కింద పెట్టాడు. ఆమాట ఆమె మామూలుగానే అంది గాని ఆయన బుర్రలో ఉండిపోయింది. తనకు తెలిసినదేమిటి? రైల్వేలో బ్యాటరీ బాగుందో లేదో కాగితం చూసి చెప్పరు. నిండా చార్జి చేసి, దీపాల బరువు తగిలించి, గడియారం చూస్తూ ఖాళీ చేస్తారు. పది గంటలు నిలవాల్సింది ఆరు గంటల్లో పడుకుందంటే, ఏ సెల్లు ముందు పడుకుందో మీటరు పెట్టి పట్టుకుంటారు. యాభై ఆరు సెల్లుల్లో ఒక్కటి కుంటిదైనా పెట్టె చీకటే. ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఆ కుంటిది కూడా మిగతావాటి లాగానే నిలబడుతుంది. నడిపిస్తేనే దాని సంగతి బయటపడుతుంది.

మూడోసారి సర్వీస్ సెంటర్‌కు పోయి అదే అడిగాడు. "నిండా చార్జి చేయండి. మీ ఇంజనీరును పక్కన కూర్చోబెట్టండి. ఆగిపోయేదాకా నడుపుతాను. ఆగిపోయినప్పుడు లాప్‌టాప్‌లో చూడమనండి."

"అలాంటి పద్ధతి మాకు లేదు సార్" అన్నాడు సునీల్‌కుమార్. "ఒక్కో బండికి మాకిచ్చే టైము నలభై నిమిషాలు. అంతే."

"నాకు ఉంది పద్ధతి."

"ఎనభై మూడు ఉంది కదా సార్."

ఆ అంకె వినగానే కోదండం లేచాడు. వచ్చి షోరూములో, గాజు తలుపుల పక్కన ఉన్న సోఫాలో కూర్చున్నాడు. ఏం చేద్దామని కూర్చున్నాడో ఆయనకే తెలియదు. అక్కడ ఆ రోజు ఒక కుటుంబం కొత్త కారు తీసుకుంటోంది. బండి మీద ఎర్ర శాటిన్ గుడ్డ, ముందు బంతిపూల దండ, పక్కన కేకు. ఇంటి పెద్ద, బట్టతలాయన, పక్కనే కూర్చుని ఊరికే మాట కలిపాడు.

"మీదీ ఇదే బండా దాదా? బయట చూశాను."

"ఇదే."

"ఎలా ఉంది?"

కోదండానికి అబద్ధం చెప్పడం చేతకాదు, వాళ్ళ సంబరం చెడగొట్టాలనీ లేదు. "బండి మంచిదే. రెండేళ్ళు బంగారంలా నడిచింది. మెత్తగా పోతుంది, చప్పుడు లేదు. ఇప్పుడు సగం దూరమే పోతోంది. తెర మీద చార్జి ఉండగానే ఆగిపోతోంది. ఎందుకో చూడమంటే, బాగానే ఉందని కాగితం ఇస్తున్నారు. ఇది మూడోసారి."

"సగమా?"

"రెండువందల పది వచ్చేది. నూటపది వస్తోంది. మీకు అలా కాకపోవచ్చు. నాది ఏదో ఒక సెల్లు పాడైందని నా అనుమానం. చూస్తే తెలుస్తుంది. చూడమనే అడుగుతున్నాను."

బట్టతలాయన భార్య కేకు కోసే కత్తి పక్కన పెట్టింది. కొడుకు ఫోను తీసి ఏదో వెతకడం మొదలుపెట్టాడు. బట్టతలాయన ఇంకో రెండు ప్రశ్నలు అడిగాడు. చార్జింగ్ ఎక్కడ, ఎండాకాలం ఎలా. కోదండం ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పటికి సునీల్‌కుమార్ లోపల్నుంచి ఇంచుమించు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్, మీరు కొంచెం లోపలికి రండి."

"ఇక్కడ బాగానే ఉంది."

"బండి ఈ రాత్రికి ఇక్కడే చార్జింగ్‌లో పెట్టి, రేపు పొద్దున తొమ్మిదింటికి రండి సార్. ఆశిష్‌ను పంపిస్తాను మీతో. కాని ఒక షరతు. నూట డెబ్బై దాటి నడిస్తే మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

"ఎత్తను" అన్నాడు కోదండం. లేచి వెళ్తూ బట్టతలాయనతో, "తీసుకోండి బండి. కాగితాన్ని మాత్రం నమ్మకండి" అన్నాడు. సునీల్‌కుమార్ కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు తొమ్మిదింటికి తెర మీద నూరు శాతం. ఆశిష్ ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, వైరు తగిలించుకుని, మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. ఏసీ వేశారు. బైపాస్ మీద గరియా దాకా పోయి వెనక్కి తిరిగారు. సాల్ట్ లేక్ అంతా ఒక చుట్టు చుట్టారు. ఎవరి కోసమో పోతున్నట్టు కాదు, ఎవరినీ దింపడానికీ కాదు. ఊరికే నడపడం కోదండానికి అలవాటు లేదు. ఖాళీ సీట్లు అద్దంలో కనిపిస్తుంటే అదొక చిరాకు.

నలభై కిలోమీటర్లు దాటాక కుర్రాడు నోరు విప్పాడు. "కాకూ, నిజం చెప్పనా? మీ మాట నేను మొదటిసారే నమ్మాను."

కోదండం బ్రేకు వేయబోయి మానుకున్నాడు. "నమ్మి? ఎనభై మూడు అని కాగితం ఎందుకిచ్చావు?"

"లాప్‌టాప్ ఏమిస్తే అది ఇవ్వాలి. నా సొంత మాట రాయడానికి గడి లేదు అందులో. బండి నిండా చార్జితో నిలబడి ఉన్నప్పుడు సెల్లులన్నీ ఒకేలా కనిపిస్తాయి. అదేదో సగటు తీసి ఎనభై మూడు అంటుంది."

"పదిమంది కలిసి బరువైన పెట్టె మోస్తున్నారనుకో. ఒకడి మోకాలు వంగిపోతే పెట్టె కింద పెట్టాల్సిందే కదా. మిగతా తొమ్మిదిమందికీ ఓపిక ఉందని కాగితం రాస్తే పెట్టె లేస్తుందా?"

"లేవదు కాకూ."

"ఇది చెప్పడానికి నీకు నాలుగు నెలలు పట్టింది. ఆ పిల్ల ఉద్యోగం పోయింది."

నిజానికి ఉద్యోగం పోలేదు, ప్రాజెక్టు పోయింది. ఆశిష్‌కు ఆ పిల్ల ఎవరో కూడా తెలియదు. అయినా తల దించుకున్నాడు. కోదండం మనసు కొంచెం మెత్తబడింది. ఖిదిర్‌పూర్‌లో రోడ్డు పక్క ఆపి ఇద్దరికీ చేపల కూర, అన్నం చెప్పాడు. తింటున్నంతసేపూ కారు ఆన్‌లోనే, ఏసీ తిరుగుతూనే ఉంది. ఆశిష్ అన్నం ముద్ద చేత్తో పట్టుకుని కార్లోకి తొంగి తెర చూసి వచ్చాడు. "ముప్ఫై ఆరు" అన్నాడు.

గార్డెన్ రీచ్ రోడ్డులోకి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఓడరేవు డాకు గోడ ఒక పక్క, కంటైనర్ ట్రెయిలర్లు ఒక పక్క. తెర మీద ఇరవై. కోదండం ఓడోమీటరు వైపు చూశాడు. పొద్దుట్నుంచి నూట ఆరు కిలోమీటర్లు. తాబేలు బొమ్మ వెలిగింది.

"కాకూ, ఆగండి, ఆగండి" అన్నాడు ఆశిష్. "కాదు, ఆగకండి. నడపండి. తొంభై అయిదు సెల్లులు మూడున్నర వోల్టుల దగ్గర ఉన్నాయి. ఒక్కటే... నలభై ఒకటో నెంబరు... మూడు... రెండు పాయింట్ తొమ్మిది... పడిపోతోంది కాకూ. రెండు పాయింట్ ఏడు!"

బండి ఆగిపోయింది. తెర మీద పదహారు శాతం మెరుస్తూనే ఉంది. నూట ఎనిమిది కిలోమీటర్లు.

వెనక ట్రెయిలర్ డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయలేదు. ఆశిష్ హారన్లు వినిపించనట్టే తెర ఫోటోలు తీసుకుంటున్నాడు, ఒకటి కాదు పది. డాకు గేటు దగ్గర టీ తాగుతున్న కూలీలు నలుగురు వచ్చి బండి చుట్టూ చేరారు. అందులో ఒకాయన కోదండం తెలుగులో గొణుక్కుంటున్నది విని, "ఏటి బాబూ, మనోడివేనా? ఏటి, పెట్రోలు అయిపోనాదా?" అన్నాడు.

"పెట్రోలు కాదన్నా, కరెంటు. అదీ అయిపోలేదు. ఉండీ ఆగిపోనాది" అన్నాడు కోదండం. ఈ మాట ఇంకెంతమందికి చెప్పాలో అనిపించింది ఆయనకు. కూలీలు నవ్వుకుంటూ బండిని గోడ పక్కకు తోశారు.

తన అనుమానం నిజమైనందుకు ఆయనకు సంతోషం కలగాలి. కలగలేదు. ఒళ్ళు మండింది. ఒక్క సెల్లు. రైలు పెట్టె కిందయితే పావుగంటలో పట్టేసేవాడు, సాయంత్రానికి కొత్తది బిగించేవాడు. దీనికి నాలుగు నెలలు, రెండు కాగితాలు, ఒక పిల్ల కన్నీళ్ళు, డాకు గోడ పక్కన ఈ నిలబడడం.

ఇదంతా రాయడానికి లాప్‌టాప్‌లో గడి లేదు కనక ఆశిష్ తెల్ల కాగితం మీద చేత్తో రాశాడు. ఎంత దూరం, ఎంత చార్జి దగ్గర, ఏ సెల్లు, ఎంతకు పడింది. కింద సంతకం పెట్టి, ఫోటోలు జతచేసి కంపెనీకి పంపాడు. సునీల్‌కుమార్ తర్వాత అతణ్ణి పిలిచి ఏదో అన్నాడట. ఏమన్నాడో ఆశిష్ చెప్పలేదు.

పన్నెండు రోజులకు జవాబొచ్చింది. సామర్థ్యం తగ్గినందుకు కాదట, ఒక భాగంలో లోపమున్నందుకు, ఆ భాగం మాత్రం ఉచితంగా మారుస్తారట. ఆ తేడా ఏమిటో కోదండానికి బోధపడలేదు. అడగలేదు కూడా. భాగం దేశం పడమటి వైపు నుంచి లారీలో రావాలి. వస్తుంది, వస్తుందని ఏడు వారాలు పట్టింది. ఏడు వారాలూ కారు సర్వీస్ సెంటర్ షెడ్డులో దుమ్ము పట్టింది. కోదండం ఇంట్లో కూర్చున్నాడు. కుళాయిల వాషర్లన్నీ అరిగిపోయి సింహాచలమ్మ కొత్తవి కొని తెచ్చింది.

బండి ఇచ్చాక మళ్ళీ అదే దారిన నడిపి చూశాడు. గరియా, సాల్ట్ లేక్, ఖిదిర్‌పూర్, గార్డెన్ రీచ్. నూట అరవై ఎనిమిది వచ్చింది. తెర సున్నా చూపించేదాకా ఆగలేదు. మంచిదే. కానీ కొత్తలో వచ్చిన రెండువందల పది రాలేదు. ఆశిష్‌కు ఫోను చేశాడు.

"మిగతా నలభై రెండూ ఏవి?"

"అది వాడకం కాకూ. అన్ని సెల్లులూ కొంచెం కొంచెం తగ్గుతాయి. ఇక పెరగవు. ఏడాదికి ఇంకో రెండో మూడో శాతం పోతుంది."

"బండి అమ్మేటప్పుడు ఈ ముక్క చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

"నేను సర్వీసు కాకూ. అమ్మేది వేరేవాళ్ళు."

పూజితా వాళ్ళూ తిరిగి రాలేదు. వాళ్ళకు కుదిరిన బండి బాగానే ఉంది. ఆమె ఒకసారి ఫోను చేసి, బండి బాగైందని విని సంతోషించి, ఇంకో ప్రాజెక్టు దొరికిందని చెప్పింది. కోదండం ఇప్పుడు దూరపు ట్రిప్పులు మానుకున్నాడు. హౌరాలోనే, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయే ముగ్గురు పెద్దవాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళి తెస్తాడు. వాళ్ళలో అన్నపూర్ణ గారని ఒక రిటైర్డ్ టీచరమ్మ ఏసీ గట్టిగా పెడితే చలి అంటుంది, తగ్గిస్తే ఉక్క అంటుంది. రోజుకు అరవై కిలోమీటర్లు దాటదు. చార్జింగ్ స్టేషన్ మొహం చూడనక్కర్లేదు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఆశిష్ ఉన్నాడు కదా. కాగితం చేత పట్టుకుని సర్వీస్ సెంటర్ మెట్ల మీద దిగాలుగా కూర్చున్న వాళ్ళెవరైనా కనిపిస్తే, మేనేజరు చూడకుండా ఒక చీటీ మీద కోదండం ఫోను నెంబరు రాసిస్తున్నాడు. ఆదివారం వచ్చిందంటే టికియాపారా సందులోకి చప్పుడు లేకుండా ఒక కారో రెండు కార్లో వస్తాయి. లేతు షెడ్డు ముందు ఆపి, "కోదండం బాబు ఇల్లేది?" అని అడుగుతారు. అందరిదీ ఒకటే కథ. తెర బాగుందంటుంది, బండి పోదు. ఆయన ప్రతివాడి పక్కనా కూర్చుని ఊరంతా తిరగాలి. కొందరివి నిజంగానే వాడకంతో తగ్గినవి. అవి పాడవలేదు, వయసు మీరాయి అని చెబితే, డబ్బులిచ్చైనా పాడైందనే చెప్పించుకోవాలని చూస్తారు. ఇద్దరివి మాత్రం ఆయన బండి లాగానే ఒక్క సెల్లు కుంటివి.

"ఆదివారం ఒక్కరోజైనా ఇంట్లో ఉంటావేటి నువ్వు?" అంటుంది సింహాచలమ్మ.

"నాను రమ్మన్నానేటి? ఆళ్ళే ఒత్తన్నారు."

పోయిన ఆదివారం బెహాలా నుంచి జయప్రకాశ్ అని ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. కోదండం భుజాన తువ్వాలు వేసుకుని స్నానానికి పోబోతున్నాడు. డాక్టరు అప్పటికే కారు వెనక్కి తిప్పి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎంతసేపు పడుతుందండీ?"

"అయిదారు గంటలు. మధ్యలో భోజనం ఉంటుంది." కోదండం తువ్వాలు సింహాచలమ్మ చేతికిచ్చి, చొక్కా తగిలించుకుని వచ్చి తెర వైపు చూశాడు. డెబ్బై నాలుగు శాతం ఉంది.

"నిండా చార్జి చేసి రమ్మని చెప్పానా లేదా ఫోన్లో?"

"దార్లో కొంచెం ఖర్చయింది... ఇక్కడ్నుంచి మొదలుపెడితే కుదరదా?"

"కుదరదు! ఎక్కడ మొదలుపెట్టామో తెలియకుండా ఎక్కడ ఆగిందో చెప్పేదెలా?" చొక్కా మళ్ళీ విప్పేశాడు. లేతు షెడ్డు పక్కకు చెయ్యి చూపించి, "అదిగో నా ప్లగ్గు. తగిలించండి. సాయంత్రం అవుతుంది నిండేసరికి. వచ్చే ఆదివారం రండి, లేదా అక్కడ కుర్చీ ఉంది, కూర్చోండి" అన్నాడు.

డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. సింహాచలమ్మ ఆయనకు టీ తెచ్చిచ్చింది. కోదండం గొణుక్కుంటూ స్నానానికి పోయాడు.